తొలకరిని సీసాకెత్తే ఊరు

మీ ఫోన్ గ్యాలరీలో ఎన్ని ఫొటోలుంటాయి? అయిదు వేలా, పదివేలా? అందులో మీ చిన్నప్పటి ఇల్లుంటుంది. బడి ఉంటుంది. పోయిన సంక్రాంతికి అందరూ కలిసి దిగిన గ్రూప్ ఫొటో ఉంటుంది. వీడియోల్లో అయితే గొంతులు కూడా ఉంటాయి. ఇప్పుడు అందులో ఒక్కటి వెతకండి. మీ అమ్మమ్మ వాళ్ల వంటింటి వాసన. కట్టెల పొయ్యి పొగ, ఆవకాయ జాడీ మూత తీసినప్పటి ఘాటు, మూలనున్న పాత బియ్యం బస్తా... దొరకదు. ఎన్ని జీబీలు కొన్నా అది సేవ్ అవ్వదు. వాట్సప్‌లో ఫార్వర్డ్ చేయడానికీ కుదరదు.

కానీ ఏదో ఒకరోజు, తెలీని ఊళ్లో, బస్టాండు పక్క సందులో ఎవరో పోపు వేస్తారు. ఆవాలు చిటపటమంటాయి, ఇంగువ ఘుప్పుమంటుంది. అంతే! మీ వయసు ఆరేళ్లు. లాగు జారిపోతోంది. అమ్మమ్మ ‘చేతులు కడుక్కున్నావా’ అంటోంది. ఇంత వేగంగా వెనక్కి తీసుకెళ్లే యాప్ ఇప్పటిదాకా రాలేదు.

సరిగ్గా ఈ పని మీదే బతికే ఊరొకటుంది. వాసనల్ని పట్టి, సీసాల్లో దాచి అమ్మే ఊరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. అక్కడ గులాబీలూ మల్లెలూ మాత్రమే కాదు, ఎండిన నేల మీద తొలి చినుకు పడ్డప్పుడు వచ్చే మట్టి వాసనని కూడా అత్తరుగా తీస్తారు. దాని పేరు మిట్టీ అత్తర్.

ముక్కు, మనసు... మాట ఒకటే

అక్కడికి వెళ్లేముందు మన భాష సంగతి ఒకటి చెప్పుకోవాలి. తెలుగులో ‘వాసన’కి రెండర్థాలు. ఒకటి ముక్కుకి తెలిసేది. రెండోది మనసుకి అంటుకుని మిగిలిపోయిన పాత ముద్ర. ‘అదేదో పూర్వజన్మ వాసనలే’ అంటాం. ‘వాడికి చదువు వాసనే లేదు’ అని విసుక్కుంటాం. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటలో ముక్కూ జ్ఞాపకమూ ఎప్పట్నుంచో ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాయి.

పల్లెల్లో ఇంకో మాట ఉంది. ‘ఇంగువ కట్టిన గుడ్డ’. ఇంగువ అయిపోయి ఏళ్లు గడిచినా గుడ్డకి ఆ వాసన పోదు. ఆస్తులు పోయినా దర్జా పోని పాత కుటుంబాల గురించి అలా అంటుంటారు. ఇక వంటింట్లో అయితే ముక్కుకి పెద్ద నిఘంటువే ఉంది. పచ్చివాసన పోయేదాకా వేయించమంటారు. అడుగంటితే మాడు వాసన. గిన్నె సరిగ్గా తోమకపోతే నీచు వాసన. తడిసి ఆరని బియ్యానికి ముక్కిన వాసన. వెన్న కాచినప్పుడు కమ్మటి వాసన. ఇవన్నీ మనకెవరూ పుస్తకంలో నేర్పలేదు. ముక్కు ముందు నేర్చుకుంటే పేరు తర్వాత వచ్చి చేరింది.

మా అవ్వ దగ్గర కూడా ఇలాంటి గుడ్డముక్కలాంటి జ్ఞాపకం ఒకటుంది. ఆవిడ ఊరు కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉండేది. ‘ఉండేది’ అనే చెప్పాలి. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు నీళ్లలో కలిసిపోయాయి. 1981లో ఖాళీ చేయించిన ఊళ్లలో అవ్వ వాళ్లదీ ఒకటి. సంగమేశ్వరం గుడి గురించి మీరు వినే ఉంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండి, ఎండాకాలం మట్టం తగ్గినప్పుడు బయటికొస్తుంది. గుడి రాతిది కాబట్టి నిలబడింది. అవ్వ వాళ్లది మట్టిమిద్దె. నీళ్లు తగ్గినా చూడటానికి ఏమీ మిగల్లేదు. ఆ ఇంటి ఫొటో ఒక్కటంటే ఒక్కటీ లేదు.

ఇప్పుడు అవ్వ కర్నూల్లో మాతోపాటు రెండో అంతస్తులో ఉంటోంది. ఎనభై దగ్గరపడింది. ఏటా తొలి వాన పడ్డప్పుడు బాల్కనీలో నిలబడి ఒకటే మాట అంటుంది. “వాన బాగనే ఉంది గానీ, మా ఊర్లో మాదిరి వాసన రాదు” అని. కింద అంతా సిమెంటు రోడ్డు. ఎక్కణ్నుంచి వస్తుంది?

పోయిన ఎండాకాలం ఆఫీసు పని మీద లక్నో వెళ్లాల్సి వచ్చింది. మధ్యలో ఓ ఆదివారం ఖాళీ దొరికింది. సుమారు 125 కిలోమీటర్ల దూరంలో వాన వాసన అమ్ముతారని తెలిశాక ఆగుతామా?

ఎండలో వాన కోసం

లక్నో నుంచి ఆగ్రా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వే మీద కన్నౌజ్‌కి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మే చివరి వారం. రెండు పక్కలా కోసేసిన గోధుమ పొలాలు, బంగాళదుంపల కోల్డ్ స్టోరేజీలు. ఎండ ఎలా ఉందంటే కారు అద్దం మీద చెయ్యి పెట్టలేం.

కన్నౌజ్ చిన్న ఊరేం కాదు, పేరున్న ఊరే. ఏడో శతాబ్దంలో హర్షవర్ధనుడి రాజధాని ఇది. చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ వచ్చి చూసి రాసిన ఊరు. ఇప్పుడు ఆ రాజ్యాల ఆనవాళ్లు పెద్దగా కనపడవు. ‘ఈ ఊళ్లో మురిక్కాలవలు కూడా గుబాళిస్తాయి’ అని చెబుతుంటారు గానీ, దిగగానే నా ముక్కుకి తగిలింది మాత్రం దుమ్ము, డీజిలు, జిలేబీలు వేగుతున్న నూనె. మన దగ్గర ఏ తాలూకా కేంద్రంలో దిగినా ఇంతే కదా అనిపించింది.

బడా బజార్ వైపు తిరిగాక మారింది. సందు ఇరుకు. రెండు బైకులు ఎదురైతే ఒకటి ఆగాల్సిందే. రెండు పక్కలా చిన్న చిన్న దుకాణాలు. అరల్లో వరసగా గాజు సీసాలు. పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న యజమానులు. ఒక దుకాణం ముందు గులాబీ. నాలుగడుగులేస్తే వట్టివేళ్లు. ఇంకో నాలుగడుగులకి మల్లె. మలుపు తిరిగితే ఏదో మసాలా దినుసులూ వేర్లూ కలిపి మరిగించినట్టున్న ఘాటు. అది శమామా అట. పదుల రకాల మూలికలు, సుగంధద్రవ్యాలు వేసి తీస్తారట.

ఒక్కో వాసనకి ఒక్కో కాలం ఉంది. గులాబీలు చలి తగ్గే రోజుల్లో. మల్లెలు ఎండాకాలంలో. పూలన్నీ తెల్లారకముందే కోసి, ఎండెక్కేలోపు బట్టీకి చేర్చాలి. మొగలిపువ్వు మాత్రం ఇక్కడిది కాదు. దాని అత్తరుకి మన శ్రీకాకుళం దాటగానే వచ్చే ఒడిశాలోని గంజాం జిల్లా ప్రసిద్ధి. ఇక మట్టి అత్తరుకి సీజన్ ఏంటంటే, ఏప్రిల్, మే, జూన్. అంటే వానలకి ముందు. నేల బాగా ఎండాలి మరి.

మట్టిని ఉడకబెడతారు!

ఓ దుకాణదారు తన కుర్రాణ్ని తోడిచ్చి వెనక సందులో ఉన్న బట్టీకి పంపించాడు. రేకుల షెడ్డు. లోపల ఇటుకలతో కట్టిన పొడవాటి పొయ్యి. దాని మీద వరసగా పెద్ద పెద్ద రాగి గంగాళాలు. వీటిని ‘దేగ్’ అంటారు. కింద కట్టెలూ పిడకలూ మండుతున్నాయి. బయటి ఎండకి ఇది తోడు.

గంగాళంలో పువ్వులకి బదులు మట్టి పెంకులున్నాయి. కుమ్మరి ఇళ్లలో చెరువు మట్టితో చేసి, ఎండబెట్టి, ఆవంలో కాల్చిన బిళ్లలు. వాటిని ముక్కలు చేసి గంగాళంలో నింపి నీళ్లు పోస్తారు. మూత పెట్టి, చుట్టూ బంకమట్టీ దూదీ కలిపిన ముద్దతో సందు లేకుండా మూసేస్తారు. మూతకున్న రంధ్రం నుంచి ఓ వెదురు గొట్టం బయటికొస్తుంది. దానికి తాడు చుట్టి ఉంటుంది. ఆ గొట్టం రెండో చివర పొడుగు మెడ ఉన్న గుండ్రటి రాగి పాత్రలోకి దిగుతుంది. దాని పేరు ‘భప్కా’. అది నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది. అందులో ముందే గంధం నూనె పోసి పెడతారు.

మిగతాది మనం ఏడో తరగతి సైన్సులో చదివిందే. గంగాళంలో నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఆవిరి మట్టి వాసనని మోసుకుని గొట్టంలోంచి భప్కాలోకి వెళ్తుంది. అక్కడ చల్లబడి నీరవుతుంది. వాసనని గంధం నూనె పట్టేసుకుంటుంది. తర్వాత అడుగున చేరిన నీళ్లని వంపేస్తారు. మర్నాడు కొత్త మట్టి వేసి, అదే నూనెలోకి మళ్లీ పట్టిస్తారు. అలా రోజుల తరబడి చేస్తే సీసా నిండుతుంది. చివరికి మిగిలిన తేమ పోవడానికి తోలు సీసాల్లో పోసి ఉంచే పద్ధతి కూడా ఉంది.

పొయ్యి దగ్గరున్న పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. భుజం మీద ఎర్ర తువ్వాలు. మాటిమాటికీ తొట్టిలో చెయ్యి పెట్టి భప్కాని తడుముతున్నాడు.

“చాచా, థర్మామీటర్ లేదా?” అనడిగాను నాకొచ్చిన హిందీలో.

“ఇదేంటి మరి?” అని తడిచెయ్యి చూపించాడు. “చెయ్యి పెడితే ఎంత కాలుతుందో దాన్నిబట్టి మంట తగ్గించాలా పెంచాలా తెలుస్తుంది. ఎక్కువైతే మాడు వాసన పడుతుంది బేటా. ఒకసారి పడిందంటే ఇక పోదు.”

షెడ్డంతా తడిమట్టి వాసన కమ్మేసింది. బయట నిప్పులు కురుస్తున్నాయి, లోపల వాన పడుతున్నట్టుంది. ‘మీకు రోజూ వాన వాసనే’ అన్నాను. చాచా నవ్వాడు.

“నాకేం తెలీదు బేటా. పొద్దున వచ్చిన కాసేపు తెలుస్తుంది. తర్వాత ముక్కు నిద్రపోతుంది. సరిగ్గా పట్టిందో లేదో చూడాలంటే బయట్నుంచి మనవణ్ని పిలుస్తాను. వాడి ముక్కు ఖాళీగా ఉంటుంది కదా” అన్నాడు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. దాని సంగతి మళ్లీ వస్తుంది.

ఆ వాసన ఎక్కడిది?

వాన పడితే వాసన ఎందుకొస్తుంది? నీళ్లకి వాసన ఉండదు కదా. ఈ ప్రశ్నని ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్. 1964లో ‘నేచర్’ పత్రికలో రాస్తూ దీనికి ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. గ్రీకులో పెట్రా అంటే రాయి. ఐకోర్ అంటే అక్కడి పురాణాల్లో దేవతల ఒంట్లో పారే ద్రవం. ఎండలు ముదిరిన రోజుల్లో మొక్కల నుంచి వచ్చే నూనెలు మట్టీ రాళ్లూ పీల్చుకుంటాయి. తేమ తగలగానే అవి గాల్లోకి వదులుతాయి. శాస్త్రం పేరు పెట్టేనాటికే కన్నౌజ్ దాన్ని సీసాలో పోసి అమ్ముతోంది.

దీనికి తోడు ఇంకోటి ఉంది. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా ‘జియోస్మిన్’ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. బీట్‌రూట్ కోసినప్పుడు వచ్చే మట్టి వాసన కూడా దీనిదే. మన ముక్కు దీన్ని ఎంత తేలిగ్గా పసిగడుతుందంటే, లక్ష కోట్ల భాగాల్లో అయిదు భాగాలున్నా చాలు. చినుకులు ఎండు నేల మీద పడ్డప్పుడు మట్టిలో ఇరుక్కున్న గాలి బుడగలుగా పైకొచ్చి, సన్నటి తుంపరగా చిట్లుతుంది. ఆ తుంపరే వాసనని మోసుకొస్తుంది. మసాచుసెట్స్‌లోని ఎమ్‌ఐటీ వాళ్లు 2015లో హైస్పీడ్ కెమెరాలతో దీన్ని చూపించారు. పెద్ద వానకన్నా సన్న వానకే ఈ తుంపర ఎక్కువ లేస్తుందని కూడా తేల్చారు. తొలకరి జల్లుకి ఊరంతా గుబాళించి, ముసురుపట్టాక ఏమీ తెలియకపోవడం మనకీ అనుభవమే కదా.

ముక్కు నుంచి గుండెకి షార్ట్‌కట్

సరే, వాసన వచ్చింది. మరి కళ్లలో నీళ్లెందుకు తిరుగుతాయి?

మనం చూసింది, విన్నది, తాకింది ఏదైనా ముందు మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే భాగానికి వెళ్తుంది. జంక్షన్ స్టేషన్ అనుకోండి. అక్కణ్నుంచే ఎవరి ప్లాట్‌ఫామ్‌కి వాళ్లని పంపిస్తారు. వాసన మాత్రం ఈ జంక్షన్‌లో ఆగదు. ముక్కు పైనున్న ఘ్రాణ కందం నుంచి, ఉద్వేగాలు చూసుకునే అమిగ్డాలాకీ, జ్ఞాపకాలు కట్టే హిప్పోక్యాంపస్ పరిసరాలకీ దగ్గరి దారిలో చేరుతుంది. అందుకే ‘ఇది ఫలానా వాసన’ అని పేరు తట్టేలోపే కడుపులో ఏదో కదులుతుంది. ముందు బెంగ వస్తుంది, తర్వాత కారణం తెలుస్తుంది.

ముక్కు పనితనం కూడా మామూలుది కాదు. రంగుల కోసం కంట్లో మూడు రకాల శంకు కణాలుంటే, వాసనల కోసం ముక్కులో దాదాపు 400 రకాల గ్రాహకాలున్నాయి. వాటి జన్యువుల్ని లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో కనిపెట్టారు. అందుకు 2004లో నోబెల్ వచ్చింది.

ఇంకో రెండు సంగతులు మన కథకి బాగా అవసరం. స్వీడన్‌లో పెద్దవయసు వాళ్ల మీద చేసిన పరిశోధనలో, మాటలో బొమ్మో చూపించి అడిగితే యవ్వనం నాటి సంగతులు ఎక్కువగా గుర్తొచ్చాయి. వాసన చూపించి అడిగితే పదేళ్లలోపు బాల్యం ఎక్కువగా బయటికొచ్చింది. రెండోది ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2009లో చేసింది. ఒక వస్తువుతో మొదటిసారి జతపడిన వాసనకి మెదడులో ప్రత్యేకమైన చోటు దక్కుతుందనీ, తర్వాత వచ్చి చేరిన వాటికి అది దక్కదనీ అందులో తేలింది. మొదట ఎక్కినవాడిదే కిటికీ సీటు అన్నమాట.

ఇదంతా పోతే ఏమవుతుందో 2020, 2021లో చాలామందికి తెలిసొచ్చింది. కొవిడ్ వచ్చి వాసన పోయినప్పుడు మొదట అన్నం చప్పబడింది. తర్వాత కొందరికి సొంత ఇల్లే హోటల్ గదిలా అనిపించింది. పిల్లాడి తల మీద ముద్దుపెట్టినా ఏదో వెలితి. ముక్కు మళ్లీ దారిలో పడటానికి డాక్టర్లు గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం రోజూ రెండుపూటలా వాసన చూడమని చెప్పే పద్ధతి ఉంది. జర్మనీలో మొదలైన ఈ పద్ధతి కొవిడ్‌కన్నా ముందు నుంచే ఉంది. పోయాక ముక్కుకి ఇంత సాధన చేయిస్తాం గానీ, ఉన్నన్నాళ్లూ దాని గురించి ఆలోచించం.

సీసా కూడా చిక్కిపోతోంది

మళ్లీ కన్నౌజ్‌కి వద్దాం. దుకాణంలో మట్టి అత్తరు అడిగితే యజమాని రెండు సీసాలు ముందు పెట్టాడు. రెండింటి మీదా ఒకటే పేరు. ధరలో మాత్రం చాలా తేడా. ఎందుకంటే ఒకదాంట్లో ఆధారం గంధం నూనె. రెండోదాంట్లో లిక్విడ్ పారఫిన్. గంధం చెట్లు తగ్గిపోయి నూనె ధర ఆకాశానికంటాక చాలామంది ఇలా మారారు. పారఫిన్‌కి సొంత వాసన ఉండదు, చవక. కానీ గంధంలా వాసనని పొదువుకుని నెమ్మదిగా వదలడం దానికి రాదు.

పైగా ఇవాళ కుర్రాళ్లకి కావాల్సింది స్ప్రే. అత్తరు చుక్క రాసుకోవడం తాతల ఫ్యాషన్ అయిపోయింది. ఏళ్ల తరబడి కన్నౌజ్ సరుకుకి పెద్ద గిరాకీ పాన్‌మసాలా, పొగాకు కంపెనీల నుంచే వచ్చింది. అంత నాజూకైన పనితనం చివరికి అక్కడికి చేరిందన్నది కొంచెం చేదు నిజం. ఊరికి జీఐ గుర్తింపు వచ్చింది. 1991 నుంచి కేంద్ర ప్రభుత్వ సుగంధ పరిశోధన, శిక్షణ కేంద్రం కూడా ఇక్కడుంది. అయినా భప్కా మీద చెయ్యి పెట్టి వేడి చెప్పగలిగే చాచాల పని పిల్లలకి అంటుతోందా అంటే... ‘మనవడు ముక్కు మాత్రం ఇస్తాడు, చెయ్యి ఇవ్వడు’ అన్నాడు చాచా. కుర్రాడు కాన్పూర్‌లో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాడట.

గంధం సీసానే తీసుకున్నాను. చిటికెనవేలంత ఉంది. వాళ్లు దాన్ని దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, బ్యాగులో నిలువుగానే ఉంచమని మూడుసార్లు చెప్పారు.

పిడకలు ఎత్తినారా?

కర్నూలు వచ్చేసరికి జూన్ మొదలైంది. ఇంకా చినుకు లేదు. మధ్యాహ్నం అవ్వ హాల్లో కూర్చుని చేటలో చెనక్కాయలు ఒలుస్తోంది. ఏంటో చెప్పకుండా, దూదికి ఓ చుక్క అంటించి ముక్కు దగ్గర పెట్టాను.

ఊరు గుర్తొస్తుందనుకున్నాను. ఇల్లు గురించి చెబుతుందనుకున్నాను. అవ్వ చేట పక్కన పెట్టి గబగబా లేచి నిలబడింది. కళ్లు బాల్కనీ వైపు తిరిగాయి.

“వాన వస్తాంది... పిడకలు లోపలికి ఎత్తినారా?”

మా ఇంట్లో పిడకలెక్కడివి? అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. అవ్వకి ఒక క్షణం పట్టింది, ఎక్కడుందో తెలుసుకోవడానికి. తర్వాత తనే నవ్వి కూర్చుంది. దూది నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చూసింది.

“ఇది మా మన్ను కాదురా. మాది నల్లరేగడి. దీంట్లో గంధం ఎక్కువుంది” అంది. కాసేపాగి చెప్పింది. తొలి వాన మబ్బు పట్టగానే ఊరంతా మిద్దెలెక్కేవాళ్లట. ఎండబెట్టిన మిరపకాయలు, వడియాలు, జొన్నలు, గోడలకి కొట్టిన పిడకలు. చినుకు పెద్దదయ్యేలోపు అన్నీ లోపలికి చేరాలి. పిడకలు తడిస్తే వానాకాలమంతా పొయ్యి రాజదు. ఆ పని చిన్నప్పుడు తనదీ చెల్లెలిదీ అట.

“ఊరు ఖాళీ చేసిన దినం గూడ వాన పడింది” అంది చివరికి. “సామాన్లన్నీ ట్రాక్టర్లో ఎక్కించినారు. మేమూ ఎక్కినాము. గోడ మీద పిడకలు అట్లనే ఉండె. వాసన వస్తా ఉంది, పిడకలు తడుస్తా ఉండాయి. ఎవురూ ఎత్తలే.”

ఈ మాట ఇంట్లో ఎవరమూ అంతకుముందు వినలేదు. ఊరు మునిగిందని తెలుసు, పరిహారం గొడవలు తెలుసు, ఏ సంవత్సరమో తెలుసు. గోడ మీద వదిలేసిన పిడకల సంగతి ఎవరికీ తెలీదు. బహుశా అవ్వకి కూడా ఆ దూది ముక్క చూసేదాకా గుర్తులేదేమో.

సీసా బాల్కనీలో పెడతాను, రోజూ చూసుకోవచ్చు అన్నాను. వద్దంది.

“దినామూ చూస్తే మామూలైపోతాది. పెట్టెలో పెట్టు. మళ్లెప్పుడన్నా చూస్తా.”

కన్నౌజ్ బట్టీలో చాచా ముక్కు నిద్రపోతుందని చెప్పింది ఇదే. ఆయన అవ్వని చూడలేదు, అవ్వ కన్నౌజ్ పేరు కూడా వినలేదు. ఒకే వాసన మధ్య ఎక్కువసేపు ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అపురూపంగా తీసినప్పుడే అది పాత తలుపు తెరుస్తుంది. రోజూ తీస్తే ఆ తలుపుకి రెండో అంతస్తు ఫ్లాటూ, టీవీ సీరియలూ, కరెంటు బిల్లూ కూడా వచ్చి అంటుకుంటాయి.

మీరూ వెళ్తారా?

కన్నౌజ్ వెళ్లాలంటే లక్నో దాకా విమానంలోనో రైల్లోనో వెళ్లి అక్కణ్నుంచి రోడ్డు మీద వెళ్లడం తేలిక. కాన్పూర్ అయితే సుమారు 80 కిలోమీటర్లే. గులాబీ చూడాలంటే మార్చి, ఏప్రిల్. మట్టి అత్తరు తీయడం చూడాలంటే మే, జూన్ మొదటివారం. ఎండకి సిద్ధపడే వెళ్లండి. బట్టీలు తెల్లారుజామునే మొదలవుతాయి కాబట్టి ముందురోజు రాత్రికే చేరుకుంటే మంచిది. కొనేటప్పుడు ఆధారం గంధమా, పారఫినా అని మొహమాటపడకుండా అడగండి. మంచి దుకాణదారు దాచడు. సీసాలోంచి నేరుగా కాకుండా మణికట్టు మీద రాయించుకుని, పది నిమిషాలు బయట తిరిగొచ్చి అప్పుడు చూడండి. వరసగా పది రకాలు చూస్తే పదకొండోది ఏదైనా ఒకటే.

అంతదూరం కుదరకపోతే హైదరాబాద్‌లో చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాలున్నాయి. మిట్టీ అత్తర్ ఉందా అని అడిగితే చెవి వెనకో మణికట్టు మీదో ఓ గీత రాసి చూపిస్తారు. ఖాళీ ముక్కుతో వెళ్లండి. అంటే మీరు వేసుకునే బాడీ స్ప్రే ఆ పూటకి మానేయండి.

ఇక ఖర్చు లేని పని ఇంకోటుంది. ఈసారి ఊరెళ్లినప్పుడు తాతనో నాయనమ్మనో కూర్చోబెట్టి ‘మీ చిన్నప్పుడు ఎలా ఉండేది?’ అని అడక్కండి. ‘ఏముంది నాయనా, అంతా కష్టమే’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ‘మీ ఇంట్లోకి అడుగుపెట్టగానే ఏం వాసన వచ్చేది?’ అని అడగండి. వీలైతే ఆ వాసన వచ్చే వస్తువేదైనా చేతిలో పెట్టండి. గడ్డివాము నుంచి ఓ పరక, సాంబ్రాణి ముక్క, కొత్త చింతపండు, ఏదైనా సరే. తర్వాత ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి పక్కన పెట్టేయండి. ఫోన్‌కి వాసన పట్టదు గానీ, దాని వెనకాలే వచ్చే మాటలు పడతాయి.